శంకరశాస్త్రి కంటే ముందు రామప్పంతులు
అందరికీ నమస్కారం. ఈ రోజు విజయనగరంలో కోట దగ్గర బొంకులదిబ్బ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడికే ఎందుకొచ్చానంటే, గురజాడ కన్యాశుల్కం మొదలయ్యేది ఇక్కడే. గిరీశం తన అప్పుల గొడవ తనలో తాను చెప్పుకునే చోటు ఇది. ఆ నాటకం మొదటిసారి ఆడింది కూడా మన ఊళ్లోనే, 1892లో.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకొద్దాం. జె.వి. సోమయాజులు అనగానే మీకేం గుర్తొస్తుంది? శంకరాభరణం. భుజాన కండువా, నుదుట విభూతి, చూపుతోనే ఎదుటివాడి నోరు మూయించే శంకరశాస్త్రి. బాగుంది. కానీ మా ఊరి నాటకాల పెద్దల్ని అడగండి, వాళ్లు ముందు చెప్పేది రామప్పంతులు గురించి!

రామప్పంతులు ఎవరండీ? ఆ కన్యాశుల్కంలోని కోర్టు పక్షి, దొంగ కాగితాలు పుట్టించే ఘనుడు. పెళ్లి కుదిర్చి డబ్బు నొక్కేద్దామని చూస్తాడు. మధురవాణి ఇంట్లో పెద్దరికం వెలగబెడతాడు, చివరికి ఆమె చేతిలోనే వెర్రివాడవుతాడు. శంకరశాస్త్రికి నూటికి నూరుపాళ్లూ ఎదురు మనిషి. రెండూ ఒక్కడే వేశాడంటే ఏటనుకోవాలి?

సోమయాజులు గారిది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. నాటకాల రుచి తగిలింది మాత్రం విజయనగరంలో. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం, అన్న రామప్పంతులు. ఇద్దరూ ఒకే స్టేజీ మీద! రమణమూర్తి గారైతే వెయ్యికి పైగా ప్రదర్శనల్లో గిరీశం వేశారని పేరు. 1957లో ఎమ్మెల్యే సినిమాతో తెర మీదికి కూడా ముందు వెళ్లింది తమ్ముడే.

అన్నగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం. డిప్యూటీ కలెక్టరు దాకా వెళ్లారు. పగలు ఫైళ్లు, సాయంత్రం రిహార్సల్స్. నాకు తెలిసిన ఇప్పటి నాటకాల వాళ్లదీ అదే బతుకు, కాకపోతే టెన్షన్ ఇంకాస్త ఎక్కువ.

1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలయ్యేసరికి ఆయనకు యాభై దాటాయి. పెద్ద హీరో లేడు, మధ్యవయసు కథానాయకుడు, మొదట్లో హాళ్లు ఖాళీ. తర్వాత జరిగింది మీకు తెలిసిందే. తమిళనాడు, కర్ణాటకల్లో కూడా జనం తెలుగులోనే చూశారు.

ఇక్కడ నా గోల ఒకటి. ఆ సినిమాలో పాడింది బాలు గారు. సోమయాజులు గారు పెదవులు కదిపారు, అంతే కదా అంటారు కొందరు. అంతేనా? గొంతు ఎత్తే ముందు ఆయన ఊపిరి తీసుకునే పద్ధతి చూడండి. మాట పలకబోయి ఆగే క్షణం చూడండి. మైకు అందని చివరి వరుస దాకా మాట వినిపించాలంటే ఎక్కడ ఆగాలో స్టేజీ మనిషికి తెలుస్తుంది. కెమెరా ముందు కొత్తగా నేర్చుకున్న పని కాదది.

తర్వాత బాపు గారు 1981లో త్యాగయ్యగా చూపించారు. సప్తపదీ అదే ఏడాది. అన్నీ పెద్దమనిషి వేషాలే. నాకు బాధేంటంటే, ఆ రామప్పంతుల్లోని కొంటెతనాన్ని సినిమావాళ్లు పెద్దగా వాడుకోలేదు. ఒక్కసారి విభూతి పెట్టిన ముఖాన్ని మళ్లీ దొంగసాక్ష్యం చెప్పమనడానికి ఎవరికి ధైర్యం వస్తుంది చెప్పండి?

సోమయాజులు గారు 2004లో, రమణమూర్తి గారు 2016లో వెళ్లిపోయారు. ఆ అన్నదమ్ముల కన్యాశుల్కం మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా స్టేజీ మీద చూసుంటే, రామప్పంతులు ఎలా నడిచేవాడో అడిగి నాకు కింద రాయండి. నాకు ఆ నడక కావాలి.