మేం ఓస్లోలో ఉంటున్నామా, ఆకెర్‌లోనా? | అత్తయ్యతో నార్వే వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు, వీడియో పెట్టి చాలా రోజులైంది కదా, ఇక్కడి చలికి బయటికొచ్చి ఫోన్ పట్టుకోవాలంటేనే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇవాళ అత్తయ్యని తీసుకుని గామ్లే ఆకెర్ చర్చి దగ్గరికొచ్చాం, నా వెనకాల ఉన్న రాతి చర్చి అదే, 12వ శతాబ్దంలో కట్టింది, ఓస్లోలో ఇప్పటికీ నిలబడున్న వాటిల్లో ఇదే అన్నిటికన్నా పాతది.

వచ్చేటప్పుడు బస్సులో ఆకెర్ హాస్పిటల్ అని అనౌన్స్ చేస్తే అత్తయ్య "ఏంటమ్మా, ఎటు చూసినా ఆకెర్ ఆకెర్ అంటున్నారు, ఎవరైనా పెద్దాయన పేరా?" అని అడిగారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. కాదండీ, ఆకెర్ అంటే పొలం! ఇక్కడే ఒకప్పుడు ఆ పేరుతో పెద్ద కమతం ఉండేదట, దాని పేరే చర్చికి పెట్టారు, తర్వాత చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ కలిపి అదే పేరొచ్చింది.

1838లో నార్వే అంతా లోకల్ పాలన వచ్చినప్పుడు ఆకెర్ విడిగా ఒక గ్రామీణ మున్సిపాలిటీ అయింది, అంటే మధ్యలో ఓస్లో సిటీ, దాని చుట్టూరా ఆకెర్. సిటీ ఊరుకుంటుందా, 1859లో కొంత, 1878లో ఇంకొంత కొరుక్కుంటూ వచ్చింది, ఇక యుద్ధం అయ్యాక ఇళ్లు కట్టడానికి సిటీలో జాగా లేక 1948 జనవరి 1న మొత్తం కలిపేసుకున్నారు. అసలు తమాషా ఇక్కడుంది, అప్పటికి ఓస్లో 17 చదరపు కిలోమీటర్లే, కలిపాక 453! జనం మాత్రం సిటీలో 2,86,000 దాకా, ఆకెర్‌లో 1,30,000 దాకా ఉండేవాళ్లు. ఎవరు ఎవర్లో కలిసినట్టో మీరే చెప్పండి. మన కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి 2007లో జీహెచ్‌ఎంసీలో కలవడం గుర్తొచ్చింది నాకైతే.

అందరూ ఫోటోలు దిగే హోల్మెన్‌కోలెన్ స్కీ జంప్ కూడా అప్పట్లో ఆకెర్‌దే. అలా కలిసిన ఆకెర్ జాగాలోనే, లాంబెర్ట్‌సేటర్ అనే చోట 1951 నుంచి అపార్ట్‌మెంట్లు లేపడం మొదలుపెట్టారు, తర్వాత మేముండే ఫూరుసెట్ వైపు కూడా వచ్చేశాయి, మా స్టేషన్ పేరు కూడా పాత కమతం పేరేనండోయ్.

ఇప్పుడు ఆకెర్ బ్రిగ్గెకి వెళ్తున్నాం, బ్రిగ్గె అంటే రేవు. "పొలం రేవా, మరి పొలమేదీ?" అంటున్నారు అత్తయ్య. అక్కడ పొలం లేదు, అన్నీ అద్దాల బిల్డింగులూ రెస్టారెంట్లూ, కాఫీ రేటు చూశాక ఏమంటారో చూద్దాం, పదండి.