భూమి రేటు గ్రాఫ్ చూసి మోసపోతున్నరు! ఒక్కసారి లాగ్ నొక్కి చూడండి

"గ్రాఫ్‌ని తొక్కి పండబెట్టినవ్ అన్నా!" పోయిన వీడియో కింద సగం కామెంట్లు ఇవే. ఒక వెంచర్ వాళ్ల రాకెట్ గ్రాఫ్‌ని నేను లాగ్ స్కేల్‌లో (10, 100, 1000 సమాన దూరంల వచ్చే స్కేల్) పెట్టి చూపించిన, అదీ నా తప్పు. ఒకాయనైతే నన్ను బిల్డర్ల మనిషిని చేసిండు. సార్, నేను మణికొండలో కిరాయికి ఉంటా. మూడో ఫ్లోర్, లిఫ్ట్ లేదు.

మళ్లీ చెప్తున్నా, జర గట్టిగనే చెప్తున్నా: మామూలు గ్రాఫ్‌లో భూమి రేటు చూసి అడ్వాన్స్ ఇచ్చేటోడు కళ్లకు గంతలు కట్టుకుని ఇస్తున్నట్టే. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటిందా, ఇగ అప్పటి నుంచి శంకర్‌పల్లి అవతల ప్లాటుకి కూడా అదే రాకెట్ బొమ్మ!

లెక్క కోసం 10 లక్షల ప్లాటు అనుకోండి, ఏటా 15 శాతం పెరుగుతది. అయిదేళ్లకి 20 లక్షలు, పదేళ్లకి 40, పదిహేనుకి 81, ఇరవైకి 164. గీసి చూడండి. మొదట్ల నేల మీద పాకుతది, చివర్ల నిట్టనిలువు. సరిగ్గా అక్కడ వెంచర్ వీడియోల యాంకర్ అరుస్తడు, "బూమ్ ఇప్పుడే మొదలైంది!" ఏం మొదలైంది రా నాయనా? మొదటి రోజు నుంచీ ఉన్న 15 శాతమే అది!

ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి, అడ్డంగ తిప్పితే చాలా ఫోన్లల్ల లాగ్ బటన్ వస్తది. 10కి ఎంత పవర్ పెడితే ఆ అంకె వస్తదో, అదే దాని లాగ్. 10కి 1. 20కి 1.3. 40కి 1.6. 81కి 1.9. 164కి 2.2. చూసిన్రా? అయిదేళ్లకోసారి 0.3, మెట్టుకి మెట్టు సమానం. రాకెట్ పోయింది, స్కేలు పెట్టి కొట్టిన గీత వచ్చింది. గుణకారాన్ని లాగ్ కూడిక చేస్తది, గంతే. ఏటా 1.15తో గుణించుడంటే లాగ్‌లో ఏటా 0.0607 కలుపుడే. గీత ఎంత నిటారుగ ఉంటే పెరుగుదల శాతం అంత ఎక్కువ.

ఇది ఇంటర్‌లో మనకి నూరుసార్లు రాయించిన్రు కదా! నా థియరీ ఏందంటే, ఈ ఫార్ములా ఎంసెట్ బిట్టు అయి చచ్చింది కాబట్టే వెంచర్ వీడియోలు బతుకుతున్నయ్.

1619లో కెప్లర్ అచ్చేసిన గ్రహాల లెక్క కూడా లాగ్ పెడితే గీతే. సూర్యుడి నుంచి గురుడి దూరం మన భూగోళం దూరానికి 5.2 రెట్లు, ఒక చుట్టుకి 11.86 ఏళ్లు. శనికి 9.54 రెట్లు, 29.46 ఏళ్లు. చూస్తే పొంతన లేదు. ఏండ్ల లాగ్‌ని దూరం లాగ్‌తో భాగించండి: గురుడికీ 1.5, శనికీ 1.5! ప్లాటుకి ఒక్క పక్క లాగ్ చాలు, ఇక్కడ రెండు పక్కలా పెట్టాలె.

అట్లని అన్నిటికీ లాగ్ రుద్దకండి. నా కిరాయి ఏటా వెయ్యి పెరుగుతది, అది మామూలుగనే గీత, లాగ్ పెడితే వంకర పోతది. సున్నాకి, మైనస్‌కి అసలు లాగే లేదు, కాబట్టి నష్టాల్ల ఉన్న స్టార్టప్ లాభం గ్రాఫ్ తెచ్చి నన్ను అడగొద్దు.

ఇగ అసలు సంగతి. ఇరవై ఏండ్ల తర్వాత పెరుగుదల 10 శాతానికి పడిపోయింది అనుకోండి. అయిదేళ్లల్ల 164 కాస్తా 264 అయితది. అంటే 100 లక్షలు పెరిగింది, అంతకు ముందు అయిదేళ్లల్ల 83. మామూలు గ్రాఫ్ ఇంకా నిటారుగ లేస్తది, యాంకర్ ఇంకా గట్టిగ అరుస్తడు. లాగ్‌లో? 2.21 నుంచి 2.42. 0.3 ఎక్కాల్సింది 0.2 ఎక్కింది, గీత వంగింది! పాత ఊపే ఉంటే 329 లక్షలు ఉండాలె. 65 లక్షలు తక్కువ, అదీ గ్రాఫ్ ఆకాశానికి పోతున్న చోట.

గ్రాఫ్‌ని పండబెట్టినవ్ అని నన్నన్న తమ్ముడూ, నీ వెంచర్ గ్రాఫ్‌లో ఏడాదికో రేటు తీసి కామెంట్‌లో పెట్టు. లాగ్ నేను తీస్తా, లైవ్‌లో.