ఎపిసోడ్ 47: గోడవైపు తిరిగి కూర్చున్న బెల్లా త్రీ

వదిన: ఎర్రచుక్క వెలిగిందా?

ఆడపడుచు: వెలిగింది. పోయినసారిలా నలభై నిమిషాలు గాలికి చెప్పుకోలేదు, రికార్డవుతోంది.

వదిన: అది మీ అన్నయ్య తప్పు. ఇంకేం చెప్పను, ఆయనే కదా ఎడిట్ చేసేది, కోసేస్తారు.

ఆడపడుచు: అందరికీ నమస్కారం. వదినా ఆడపడుచూ ఒకే గదిలో కూర్చుని, ఇప్పటిదాకా ఎవరికీ దెబ్బలు తగలని ఏకైక కార్యక్రమానికి స్వాగతం.

వదిన: ఎపిసోడ్ పదకొండు తప్ప.

ఆడపడుచు: పదకొండు గురించి మాట్లాడం అనుకున్నాం కదా. సరే, ఇవాళ్టి విషయం: పిరికి కుక్కని దత్తత తీసుకోవడం ఎలా. వదిన పోయిన ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక షెల్టర్‌కి వెళ్ళింది. అక్కడ ఒక ఆడకుక్క ఉంది, దానికి ఇల్లు కావాలి. చెప్పు వదినా.

వదిన: రెండేళ్ళుంటాయట. బెల్లం రంగు, మూతి మాత్రం మసిగుడ్డతో తుడిచినట్టు నల్లగా ఉంటుంది. పేరు బెల్లా త్రీ.

ఆడపడుచు: త్రీ ఏంటి?

వదిన: అక్కడ నాలుగు బెల్లాలున్నాయి. ఇది మూడోది. రిజిస్టర్‌లో అలాగే రాశారు.

ఆడపడుచు: (నవ్వు) మన కాకినాడ బావ వాళ్ళింట్లో సత్యనారాయణల్లాగా.

వదిన: అచ్చం అంతే. అక్కడ ఆదివారం ఎలా ఉంటుందంటే, గేటు తియ్యగానే కుక్కలన్నీ జాలీ దగ్గరికి ఉరుకుతాయి. రేకుల కప్పు, సిమెంటు నేల, ఆ మొరుగుడు చెవుల్లో కాదు, పళ్ళల్లో వినిపిస్తుంది. వచ్చినవాళ్ళు ముందు కుక్కపిల్లల్ని చూస్తారు. తర్వాత, జాలీకి మూతి ఆనించి తోకాడించే వాటిని చూస్తారు. ఇదేమో వెనక మూల గోడవైపు ముఖం పెట్టి కూర్చుంది. మనకు కనిపించేది వీపే. "ఇదేంటండీ, జబ్బా?" అని ఒకాయన అడిగి పోయాడు. అక్కడి అబ్బాయి చెప్పాడు, మనుషులు వెళ్ళిపోయాక గానీ తినదట. గిన్నె అక్కడ పెట్టి మనం కనిపించకుండా పోవాలి.

ఆడపడుచు: ఎక్కడ దొరికిందట?

వదిన: ఒక పెద్ద ఆసుపత్రి ఆవరణలో. అదే కదా చిక్కు. మామూలుగా అయితే ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుకి చెవి కొన కోసి, పట్టినచోటే వదిలేస్తారు. 2023 ఏబీసీ నిబంధనలు, అంటే కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు, చెప్పేది అదే. దీని చెవి కూడా కోసే ఉంది. కానీ 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు, స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టిన వాటిని మళ్ళీ అక్కడ వదలొద్దంది.

ఆడపడుచు: ఆగస్టులో ఒకటన్నారు కదా?

వదిన: అది ఢిల్లీ గొడవ. 11న అన్నింటినీ షెల్టర్లలో పెట్టమన్నారు, 22న మార్చారు, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని టీకాలేసి వదలమన్నారు. ఆ మీద నవంబర్‌ది వచ్చింది. దానివల్ల బెల్లా త్రీకి వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు. ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళాలి, లేదా ఆ గోడ.

ఆడపడుచు: తీసుకెళ్ళినా, ముందు అసోసియేషన్ వాళ్ళు లిఫ్ట్ ఎక్కనివ్వాలి కదా.

వదిన: మొదలైంది. వినేవాళ్ళు లెక్కపెట్టుకోండి, ఒకటి.

ఆడపడుచు: కాదు వదినా, చెప్పాలి. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అపార్ట్‌మెంట్ల వాళ్ళు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్ట్ వాడొద్దనకూడదు అని. అయినా మా దాంట్లో లిఫ్ట్ తలుపు మీద కాగితం అంటించారు. లామినేషన్ కూడా చేయించారు!

వదిన: సరే, సరే. అసలు సంగతి విను. ఆ అబ్బాయి జాలీ దగ్గర నిలబడి "బెల్లా, కమ్! కమ్ బేబీ, కమ్!" అంటున్నాడు. దానిలో చలనం లేదు. "గుడ్ గర్ల్" అన్నాడు. చలనం లేదు. నేను జాలీకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నా. దాన్ని చూడలేదు. ఒక పది నిమిషాలు ఊరికే కూర్చుని, ఊరికే నోటికొచ్చి, "దా బిడ్డా, దా" అన్నా. పక్కకి చూస్తే చెవి తిరిగింది.

ఆడపడుచు: కుక్క తిరిగిందా?

వదిన: చెవి. కోసిన చెవి. తల కదల్లేదు, ఒళ్ళు కదల్లేదు, ఆ ఒక్క చెవి ఇటు తిరిగింది. మళ్ళీ "దా" అన్నా. మళ్ళీ తిరిగింది. "కమ్" అని చూశా. ఊహూఁ.

ఆడపడుచు: దానికి తెలుగొచ్చంటావు.

వదిన: వచ్చు. మనకే రాదు. తెలుగువాళ్ళు పెళ్ళాంతో తెలుగు మాట్లాడతారు, దేవుడితో తెలుగు మాట్లాడతారు, కుక్క కనపడగానే ఇంగ్లీషు ఎందుకు? సిట్, కమ్, గో, నో, షేక్ హ్యాండ్. మా మామయ్య జన్మలో ఇంగ్లీషు ముక్క మాట్లాడినవాడు కాదు, కుక్కతో "గో ఇన్‌సైడ్" అనేవాడు.

ఆడపడుచు: చిన్న మాటలు కదా, కుక్కకి తేలిక.

వదిన: "దా" కంటే చిన్న మాట ఏ భాషలో ఉందో చెప్పు. ఒక్క అక్షరం!

ఆడపడుచు: (నవ్వు) అది మీ హనుమకొండ మాట. మా వైపు "రా" అంటాం.

వదిన: చంటిపిల్లని ఎత్తుకునేటప్పుడు ఏమంటారు? చేతులు చాచి ఏమంటారు?

ఆడపడుచు: ...దా అంటాం.

వదిన: చూశావా.

ఆడపడుచు: అయినా నేనొప్పుకోను. చెవి తిరిగింది నువ్వు కింద కూర్చున్నావు కాబట్టి, వీపు తిప్పావు కాబట్టి, గొంతు తగ్గించావు కాబట్టి. భయపడే కుక్కకి ఎదురుగా నిలబడి కళ్ళల్లోకి చూస్తూ పైనించి చెయ్యి చాపితే అది బెదిరింపే. ఆ అబ్బాయి చేసింది అదే. నువ్వు ఫ్రెంచిలో పిలిచినా తిరిగేది.

వదిన: మరి "కమ్" అన్నప్పుడు? అప్పుడూ కిందే కూర్చున్నా కదా.

ఆడపడుచు: ఆ షెల్టర్‌లో రోజుకి వందసార్లు "కమ్" అంటారు. పట్టుకోవడానికీ అదే, సూదికీ అదే, స్నానానికీ అదే. ఆ మాట వింటే మంచి జరగదని దానికి తెలిసిపోయింది. ఇంగ్లీషు తప్పేం కాదు.

వదిన: అది నిజమే. కానీ "దా"కి మంచి ఎక్కడ జరిగింది? అది చెప్పు. ఆసుపత్రి దగ్గర చెట్లకింద ఎవరుంటారు? రోగులతో వచ్చినవాళ్ళు. మెదక్ నుంచి, నల్గొండ నుంచి. టిఫిన్ డబ్బా విప్పి, చివరి ముద్ద మిగిల్చి, "దా" అంటారు. దాని బాల్యమంతా ఆ ముద్దలే.

ఆడపడుచు: కర్నూలు నుంచీ వస్తారు వదినా.

వదిన: కర్నూల్లోనూ "దా" అంటారు!

ఆడపడుచు: (నవ్వు) నీతో గెలవలేం.

వదిన: ఇంకా పేర్లు. టామీ, రాకీ, సీజర్, బ్రూనో. మా ఊళ్ళో కర్రోడు, ఎర్రోడు, మచ్చోడు ఉండేవారు. రంగు చూస్తే పేరు తెలిసిపోయేది. ఇప్పుడు ఊరకుక్కని కూడా "ఇండీ" అంటున్నారు. ఇండీ అంటే ఏ ఊరిది?

ఆడపడుచు: ఊరకుక్క అంటే ఎవరూ తీసుకెళ్ళరని ఇండీ అంటారు. పాత ఇంటికి సున్నం కొట్టినట్టు. దాంతో నాలుగు కుక్కలకి ఇల్లు దొరికితే నీకేం నష్టం?

వదిన: ...నష్టమేం లేదు.

ఆడపడుచు: అదీ. ఒకటి గెలిచా. అన్నయ్యా, ఇది కోయొద్దు.

వదిన: అయినా బెల్లా త్రీ అనడానికి నాకు నోరు రావట్లేదు. బెల్లం రంగు కదా, బెల్లం అనొచ్చు. బెల్లా, బెల్లం. రిజిస్టర్‌లో దీర్ఘం తీసి ఒక సున్నా పెడితే చాలు.

ఆడపడుచు: త్రీని ఏం చేస్తావు?

వదిన: మూడచ్చుల బెల్లం!

ఆడపడుచు: (చాలాసేపు నవ్వు) సరే, ఇప్పటికి ఇరవై నిమిషాలైంది. మనం చెప్పాల్సింది ఎలా పెంచాలి అని.

వదిన: నువ్వు చెప్పు, నువ్వే రాసుకొచ్చావు.

ఆడపడుచు: తొందరగా చెప్పేస్తా. కాలర్ ఒక్కటే నమ్ముకోవద్దు. బెదిరిన కుక్క వెనక్కి నడుస్తూ తల లాగేసుకుంటుంది, కాలర్ మన చేతిలో ఉంటుంది, కుక్క రోడ్డు మీద ఉంటుంది. ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ కూడా వేసి, రెండింటికీ తాడు కట్టండి. మొదట్లో చుట్టాల్ని పిలవొద్దు. ఒక మూల ఇవ్వండి, ఆ మూలకి మీరు వెళ్ళొద్దు. అదే పనిగా మూతి నాక్కుంటున్నా, నిద్ర లేకుండా ఆవలిస్తున్నా అది భయం, ఆగిపోండి. కదలకుండా పడుంటే బుద్ధిగా ఉందనుకోవద్దు, బిగుసుకుపోయి ఉండొచ్చు. మూలకి నెడితే పిరికి కుక్కే కరుస్తుంది. కరిస్తే పసుపూ కారం పెట్టకుండా సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక చేసేదేమీ ఉండదు.

వదిన: మూడు మూళ్ళ లెక్క చెప్పు.

ఆడపడుచు: అదా... షెల్టర్ల వాళ్ళు చెప్పే ఉజ్జాయింపు లెక్క. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. పిరికి వాటికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. లిఫ్ట్ లాంటివి అసలు...

వదిన: రెండు.

ఆడపడుచు: కాదు వదినా, ఇది ఆ లిఫ్ట్ కాదు. వీధిలో పుట్టిన కుక్క లిఫ్ట్ ఎప్పుడు చూసింది? ఇనప గది, తలుపు మూసుకుంటుంది, నేల కదులుతుంది. దాన్ని ఎత్తుకుని ఎక్కించకూడదు. తలుపు తీసి పెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక రోజు తలుపు దాకా, ఇంకో రోజు ఒక కాలు... లేదా మెట్లెక్కాలి. ఆరంతస్తులైనా సరే.

వదిన: నీది ఆరో అంతస్తు కదా.

ఆడపడుచు: ఊఁ.

వదిన: ఏమైంది?

ఆడపడుచు: ఏం లేదు. చెప్పనా వద్దా అనుకుంటున్నా. అన్నయ్యకి కూడా తెలీదు. నేనొకసారి తెచ్చుకున్నా. నువ్వు బెంగళూరులో ఉన్నప్పుడు.

వదిన: కుక్కనా?

ఆడపడుచు: తెల్లది, మగది. మొదటి రోజే ఎత్తుకుని లిఫ్ట్ ఎక్కించా. నా చేతుల్లో వణికి పోసేసింది, నా మీద, లిఫ్ట్ నేల మీద. మూడో అంతస్తులో ఒకావిడ ఎక్కబోయి చూసి ఆగిపోయింది. ఇంట్లోకి రాగానే మంచం కింద దూరింది. నేను రోజూ ఆఫీసు నుంచి రావడం, బోర్లా పడుకుని చెయ్యి పెట్టి పిలవడం. బిస్కెట్టు, చికెన్, పెరుగన్నం. దగ్గరికి రాదు. బయటికి తీసుకెళ్ళాలంటే లాగాలి. లాగాను కూడా. మళ్ళీ లిఫ్ట్, మళ్ళీ అదే. కాగితం అంటించింది అప్పుడే.

వదిన: నువ్వెప్పుడూ చెప్పలేదు.

ఆడపడుచు: పదకొండో రోజు వెనక్కిచ్చేశాను. వాళ్ళేమీ అనలేదు, సంతకం పెట్టమన్నారు, అంతే. ఇచ్చి వచ్చాక మంచం జరిపి ఊడుస్తుంటే, దాని కింద గోడవైపు నా చెప్పు ఒకటి. కొరకలేదు. ఊరికే ఒళ్ళో పెట్టుకున్నట్టు పెట్టుకుంది. మూలలో బొచ్చు, మధ్యలో చెప్పు.

వదిన: పిల్లా...

ఆడపడుచు: అంటే నేను లేనప్పుడు బయటికి వచ్చేది కదా వదినా. వచ్చి, గుమ్మం దాకా నడిచి, చెప్పు తీసుకుని వెళ్ళేది. నేను చూడలేదు. పదకొండు రోజులు నేను చూసింది తోకే.

(కాసేపు నిశ్శబ్దం)

వదిన: దాని పేరేం పెట్టావు?

ఆడపడుచు: నవ్వొద్దు. ఆస్కార్.

వదిన: నవ్వను.

ఆడపడుచు: నవ్వుతున్నావు.

వదిన: పెదాలు వాటంతటవే... అయితే అందుకేనా, ఎప్పుడూ ఆ లిఫ్ట్—

ఆడపడుచు: అందుక్కాదు. నిబంధన నిబంధనే. 2015లో...

వదిన: మూడు.

ఆడపడుచు: (నవ్వు, ముక్కు చీదిన చప్పుడు) నువ్వు దాన్ని ఎందుకు తీసుకోవు? "దా" అన్నది నువ్వే కదా.

వదిన: మా ఓనర్‌ని అడిగా. తులసికోట ఉంది, కుదరదన్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తా. ఊరికే, కూర్చుని రావడానికి.

ఆడపడుచు: ఎన్నింటికి?

వదిన: ఎందుకు?

ఆడపడుచు: ఊరికే అడిగా. ఫోటో ఉందా? ఎపిసోడ్‌తో పెడదాం.

వదిన: నాలుగు తీశా. నాలుగింట్లోనూ వీపే.

ఆడపడుచు: చూపించు... ఇదా చెవి?

వదిన: అదే. ఇక్కడ చూడు, కొంచెం ఇటు తిరిగి ఉంది.

ఆడపడుచు: నాకేం తేడా కనపడట్లేదు.

వదిన: పెద్దది చేసి చూడు. ఆ... అయ్యో, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసింది?

ఆడపడుచు: నేను లెక్కపెట్టట్లేదు, నువ్వు కదా ఇవాళ లెక్కలు.

వదిన: పప్పు పిల్లా, పప్పు! ఆపు, ఆపు ముందు, ఆ ఎర్రచుక్క—