చింతచెట్టుకి అద్దె ఎవరిస్తారు?

హోస్ట్: అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి మళ్లీ మేమే. స్టూడియో అంటే మా మేడ మీద గదే. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతోందని ఆపేశాం, చెమటలు కారిపోతున్నాయి. ఎదురుగా ఉన్నది హైస్కూల్లో నాకు బయాలజీ చెప్పిన మాస్టారు. పేరు చెప్పొద్దన్నారు.

మాస్టారు: పేరుతో ఏం పని? విషయంలోకి రా.

హోస్ట్: విషయం ఏంటంటే, బాగా సంపాదించినవాళ్లు చదువుకీ, ప్రకృతికీ ఇచ్చే విరాళాలు. చదువు అంటే మన పక్క ముందు గుర్తొచ్చేది రాజాం.

మాస్టారు: అవును, గ్రంధి మల్లికార్జునరావు గారు. జీఎంఆర్ అంటేనే అందరికీ తెలుసు. పుట్టింది రాజాంలోనే. 1997లో అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు. 2011లో జీఎంఆర్ కంపెనీల్లో తన సొంత వాటాకి సరిపడా దాదాపు 1,540 కోట్ల రూపాయలు ఫౌండేషన్‌కి ఇస్తానని ప్రకటించారు.

హోస్ట్: రాజాం ఇప్పుడు మన జిల్లా కాదు మాస్టారూ. 2022 ఏప్రిల్‌లో విజయనగరంలో కలిపేశారు.

మాస్టారు: కలిపింది కాగితం మీద. నా నోటికింకా శ్రీకాకుళమే వస్తుంది. విజయనగరం మాటెత్తావు కాబట్టి చెప్తున్నా, అక్కడ ఎంవీజీఆర్ ఇంజినీరింగ్ కాలేజీ కూడా 1997లోనే వచ్చింది. అది మాన్సాస్ ట్రస్టుది. 1958లో విజయనగరం రాజవంశం వారు పి.వి.జి. రాజు గారు ఆ ట్రస్టు పెట్టి, కోటే రాసిచ్చేశారు. అంటే చదువుకి ఇవ్వడం మన వైపు కొత్తేం కాదు. ముందు రాజులిచ్చారు, తర్వాత షావుకార్లిచ్చారు.

హోస్ట్: మరి ప్రకృతికి?

మాస్టారు: అక్కడే చెయ్యి ముడుచుకుంటుంది. చట్టం మాత్రం రెండింటికీ తలుపు తీసే పెట్టింది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది కదా, పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకి ఖర్చుపెట్టాలని. ఆ డబ్బు దేనికి పెట్టొచ్చో ఇచ్చిన జాబితాలో చదువూ ఉంది, పర్యావరణమూ ఉంది, మొక్కలూ జంతువుల రక్షణా ఉంది. కానీ బడికి గది కడితే గోడ మీద పేరు వేసుకోవచ్చు, రిబ్బన్ కట్ చేయొచ్చు. కొంగ గూడు దగ్గర రిబ్బన్ ఎక్కడ కడతావు?

హోస్ట్: (నవ్వు) విదేశాల్లో కడుతున్నారు కదా మాస్టారూ. నార్త్ ఫేస్ అనే బట్టల కంపెనీ పెట్టిన డగ్ టాంప్కిన్స్, ఆయన భార్య క్రిస్ కలిసి చిలీలో లక్షల ఎకరాలు కొంటూ పోయారు. ఆయన 2015లో కయాక్ ప్రమాదంలో పోయాక కూడా ఆవిడ ఆపలేదు. 2017లో దాదాపు పది లక్షల ఎకరాలు జాతీయ పార్కులకి ఇస్తామని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు.

మాస్టారు: గొప్ప పని, కాదనను. కానీ ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. తేలినీలాపురం ఎప్పుడైనా వెళ్లావా?

హోస్ట్: ...లేదు.

మాస్టారు: ఇదిగో, ఇదీ మన చదువు. ఇంజినీరింగ్ చేశావు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసొచ్చావు, టెక్కలి పక్కనున్న ఊరు చూడలేదు.

హోస్ట్: తీసుకెళ్తానన్నది మీరే కదా!

మాస్టారు: అన్నాను, తొమ్మిదో తరగతిలో. బస్సు అద్దెకి డబ్బు అడిగితే యాజమాన్యం ఏమందో తెలుసా? "పక్షులు పరీక్షలో వస్తాయా మాస్టారూ?" అంది. ఆ ఏడాదే ఓ దాత డబ్బుతో గేటుకి ఆర్చి కట్టించారు. సిమెంటు పూలు పెట్టి.

హోస్ట్: ఆ ఆర్చి నాకు బాగా గుర్తు.

మాస్టారు: గుర్తుండదూ మరి! సరే, తేలినీలాపురం సంగతి విను. నౌపడ ఉప్పు మళ్ల దగ్గర్లో ఉంటుంది. ఏటా వానాకాలం వెళ్తుండగా పెలికాన్లు, అదే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే కొంగలు వచ్చి గూళ్లు పెడతాయి, పిల్లల్ని లేపుకుని ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. గూళ్లెక్కడనుకున్నావు? అడవిలో కాదు, ఊళ్లోని చెట్ల మీద. కింద జనం కాపురముంటారు. రెట్ట వాసన, పై నుంచి రాలిపడే చేపముక్కలు, తెల్లార్లూ గోల. అయినా తరిమికొట్టరు. ఆ ఏడాది పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్ముతారు. మరి ఇక్కడ ఏ షావుకారు ఏ భూమి కొంటాడు? ఊరినే కొనాలి.

హోస్ట్: అవి సైబీరియా నుంచే కదా వస్తాయి?

మాస్టారు: అందరూ అలాగే రాస్తారు. సైబీరియా పక్షులని బోర్డులూ ఉంటాయి. పెయింటెడ్ స్టార్క్ గానీ, ఈ మచ్చల ముక్కు పెలికాన్ గానీ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. అవి చుట్టాలు కావురా, ఇంటివాళ్లే. కానీ సైబీరియా అంటే గొప్పగా ఉంటుంది కదా, దేనికైనా ఫారిన్ అడ్రస్ ఉండాలి మనకి!

హోస్ట్: అయితే దాత డబ్బు ఎక్కడ పెట్టాలంటారు?

మాస్టారు: కర్ణాటకలో మండ్య జిల్లాలో కొక్కరె బెళ్లూరు అని ఊరుంది. అక్కడా ఇవే పక్షులు, ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు. గూళ్లున్న చెట్టు నుంచి చింతపండు దులపలేరు, ఆ నష్టానికి అటవీశాఖ చెట్టు యజమానికి పరిహారం ఇస్తుంది. నేను దాన్ని అద్దె అంటాను. పక్షి అద్దె కట్టలేదు కాబట్టి మనం కడుతున్నాం. మన వైపు ఏ కంపెనీ అయినా ముందుకొచ్చి ఆ అద్దె కట్టొచ్చు. తిత్లీ తుపాను గుర్తుందిగా?

హోస్ట్: 2018 అక్టోబర్. పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా మేనత్తవాళ్ల కొబ్బరితోట మొత్తం పడుకుండిపోయింది.

మాస్టారు: అలాంటి గాలికి ఒక్క పెద్ద చెట్టు పడితే ఎన్ని గూళ్లు పోతాయో చూడు. కొత్తగా నాటిన మొక్క గూడు మోసేంత కావాలంటే ఏళ్లు పడుతుంది. దానికి నీళ్లు పోసే మనిషికి నెల జీతం ఇవ్వాలి. ఆ తర్వాత పిల్లల కోసం బస్సు, నాలుగు బైనాక్యులర్లు, ఓపికున్న ఓ టీచరు. వీటిలో దేనికీ శిలాఫలకం అక్కర్లేదు, అదే అసలు చిక్కు.

హోస్ట్: శిలాఫలకం కావాలంటే బస్సు మీద రాయించుకోమనండి!

మాస్టారు: రాయించుకోనీ! నాకేం అభ్యంతరం? సముద్రం ఒడ్డున పిల్లల్ని తీసుకెళ్లి ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని నీళ్లలోకి వదిలినప్పుడు చూశాను. గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుందని, ఇసుక వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయని తరగతిలో చెప్తే ఆవలించిన గుంటలే, అక్కడ ఇసుకలో చెయ్యి పెట్టి "మాస్టారూ, ఇది ఆడదా మగదా?" అని నా ప్రాణం తీశారు. బయటికి చూసి చెప్పలేంరా అంటే ఒక్కడూ నమ్మలేదు.

హోస్ట్: మాస్టారూ, వచ్చే ఆదివారం ఖాళీయేనా? తేలినీలాపురం వెళ్దాం. కారు ఖర్చు నాది.

మాస్టారు: దాతవైపోయావే! సరే, పొద్దున్నే బయల్దేరాలి. గొడుగు తెచ్చుకో.

హోస్ట్: ఈ నెలలో వానలేం లేవు కదా?

మాస్టారు: గొడుగు వానకి కాదురా. చెట్టు కింద నిలబడతాం కదా!