ఏ కూర్పు? ఏ పేజీ?

వేదిక మీది పెద్దలకు, ఎం.ఏ. విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పలేదని ఎవరూ అనుకోవద్దు, ఉన్న సమయం పిల్లలకే ఇద్దాం. పరిశోధన వ్యాసం ఎలా రాయాలో చెప్పమన్నారు. విషయం ఎంపికతో మొదలుపెడతాను.

‘కన్యాశుల్కంలో స్త్రీ పాత్రలు’ అన్నది శీర్షిక మాత్రమే, ప్రశ్న కాదు. ‘మొదటి కూర్పు నుంచి రెండో కూర్పుకు వచ్చేసరికి మధురవాణి పాత్ర ఎలా మారింది?’ అన్నది ప్రశ్న. పది పేజీల వ్యాసానికి అది చాలు. ఏ పుస్తకాలు తెరవాలో కూడా ఆ ప్రశ్నే చెబుతుంది.

తర్వాత అధ్యాయ విభజన గురించి మాట్లాడాలనుకున్నాను. కానీ కూర్పుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఆగుతాను. మన వ్యాసాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఆ నాటకం తొలి ప్రదర్శన 1892లో. అచ్చయింది 1897లో. గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ వేయించారు. అయిదంకాలు ఏడంకాలయ్యాయి. ఈనాడు మామూలుగా మనం చదివేది ఆ రెండోదే. విద్యార్థి అందులోంచి ఒక సంభాషణ తీసుకుని, కింద ‘కన్యాశుల్కం, 1897’ అని వేస్తాడు. ఆపైన ‘1890ల నాటికే గురజాడ ఇలా ఆలోచించారు’ అని తేలుస్తాడు. ఆ సంభాషణ మొదటి కూర్పులో లేకపోతే? వాదమంతా కూలిపోతుంది. ఒక్క సంవత్సరం తప్పు పడిందని కాదు, నిర్ధారణే తప్పయింది.

బ్రౌన్ నిఘంటువు సంగతీ అంతే. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. 1903 నాటి కూర్పును సవరించినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. ఆ సవరించిన ప్రతిలోని అర్థాన్ని చూపించి ‘బ్రౌన్ ఇలా అన్నాడు’ అంటే, ఆయన అనని మాటను ఆయనకు అంటగట్టే ప్రమాదం ఉంది.

వెనక వరసలో రాసుకుంటున్నవాళ్లు ఇది తప్పక రాసుకోండి. చదువుతున్నప్పుడే ఒక్కో విషయానికి ఒక్కో కార్డు పెట్టుకోవాలి. పైన రచయిత, పుస్తకం, కూర్పు, ప్రచురణ సంవత్సరం, పేజీ. కింద మాట. పుస్తకంలోని మాటలే దించుకుంటే ఆ క్షణమే కొటేషన్ గుర్తులు పెట్టాలి. మీ సొంత మాటల్లో రాసుకుంటే పక్కన ‘సారాంశం’ అని వేయాలి. ఆ గుర్తులు పెట్టకపోతే మూడు నెలల తర్వాత ఏది మీ వాక్యమో, ఏది పుస్తకంలోదో మీకే తెలియదు. కావాలని చేయని కాపీ చాలావరకు ఇలాగే పుడుతుంది.

కాపీని అరికట్టడానికి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత వ్యాసానికి ఇతరుల రాతలతో ఉన్న పోలికను సాఫ్ట్‌వేర్‌తో లెక్కిస్తారు. అది 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే సవరించిన ప్రతిని కూడా ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపిన ఉల్లేఖనలను, గ్రంథసూచిని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అందుకే ఆధారం చూపడం మీకు రక్ష. అయితే పిల్లలూ, పోలిక సున్నా వచ్చినంత మాత్రాన వ్యాసం శుభ్రమైనట్టు కాదు. ఇంగ్లీషు వ్యాసంలోని వాదాన్ని తెలుగులోకి మార్చి, ఆ రచయిత పేరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్‌కు దొరక్కపోవచ్చు. దొంగతనం మాత్రం దొంగతనమే.

పేరా గురించి ఒక్క మాట. ముందు మీరనేది చెప్పండి, తర్వాత ఆధారం చూపండి, ఆపైన ఆ ఆధారం మీ మాటను ఎలా నిలబెడుతుందో వివరించండి. మూడోది మనవాళ్లు వదిలేస్తున్నారు. పద్యం పెట్టి, ‘దీనిని బట్టి స్పష్టమవుతున్నది’ అని వెళ్లిపోతారు. ఏం స్పష్టమైంది? ఏ పదం వల్ల? అక్కడ కనీసం రెండు మూడు వాక్యాలు మీవి ఉండాలి. ‘ప్రముఖుల అభిప్రాయం ప్రకారం’ అన్న మాట మాత్రం దయచేసి ఎక్కడ కనిపించినా కొట్టేయండి. ఏ ప్రముఖులు? ఎక్కడ అన్నారు? ఏ పేజీలో?

ఉపోద్ఘాతం, అధ్యాయాలు మధ్యాహ్నం చూద్దాం. ఇప్పుడు మీ సంచిలో ఉన్న పుస్తకం ఒకటి బయటికి తీయండి. శీర్షిక పేజీ వెనక్కి తిప్పండి. ‘ప్రథమ ముద్రణ’ ఎప్పుడో, మీ చేతిలోని ముద్రణ ఎప్పటిదో చూడండి. రెండు సంవత్సరాలూ కార్డు మీద రాయండి.