తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో క్లాసికల్ ఇంటీరియర్

నమస్కారం. హైదరాబాద్‌లోని తమ ఫ్లాట్‌కు క్లాసికల్ శైలిలో, అంటే పాత గ్రీకు, రోమన్ భవనాల తీరులో, ఇంటీరియర్ కావాలని కోరిన ఒక దంపతుల ఇంటి డిజైన్‌ను ఈ వీడియోలో వివరిస్తాను. ఆయనకు పుస్తకాలన్నా ముదురు టేకు చెక్కన్నా ఇష్టం. ఆవిడ వీణ వాయిస్తారు. వెలుతురు నిండిన లేతరంగు హాలు కావాలన్నారు. ఇద్దరికీ నచ్చిన భవనం మాత్రం ఒకటే, ఫలక్‌నుమా ప్యాలెస్. 1884లో నిజాం కొలువులోని ప్రముఖుడు వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన ఆ భవనంలో 101 మంది కూర్చునే భోజనబల్లను చూసి వచ్చినవారికి, అలాంటి స్తంభాలూ బంగారు పూతా తమ ఇంట్లోనూ ఉండాలనిపించడం సహజం. అయితే అలాంటి గదుల్లో కంటికి కలిగే హాయి బంగారు పూత కంటే పొడవు, వెడల్పు, ఎత్తుల మధ్య కుదిరిన పొందిక వల్లే ఎక్కువగా కలుగుతుందని నా నమ్మకం. అందుకే నగిషీల క్యాటలాగు తెరవకముందే కొలతలు తీసుకున్నాం.

హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 12 అడుగులు. ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో 1570లో ప్రకటించిన గ్రంథంలో గదులకు మెచ్చిన ఏడు ఆకృతులలో ఈ రెండు-మూడు నిష్పత్తి ఒకటి కనుక నేల కొలత విషయంలో మనకు అదృష్టమే కలిసివచ్చింది. ఇబ్బంది ఎత్తుతో వచ్చింది. చదునైన పైకప్పు ఉన్న గదికి వెడల్పు ఎంతో ఎత్తూ అంతే ఉండాలని అదే గ్రంథం చెబుతుంది; ఇక్కడ నేల నుంచి స్లాబు దాకా ఉన్నది తొమ్మిదిన్నర అడుగులే. రెండున్నర అడుగుల లోటు ఉన్న గదిలో ఫాల్స్ సీలింగ్ వేసి మరో అర అడుగు పోగొట్టుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. దాన్ని పూర్తిగా మానేసి, గోడ పైఅంచున అయిదు అంగుళాల కార్నిస్ (పైకప్పును ఆనుకుని సాగే అలంకార పట్టీ), కింద ఆరు అంగుళాల స్కర్టింగ్ (నేలను ఆనుకుని సాగే పట్టీ) మాత్రమే పెట్టాం. గోడను అడ్డంగా విడదీసే పట్టీని సగం ఎత్తులో కాకుండా 32 అంగుళాల దగ్గరే ఆపి, దాని పైనున్న ప్యానెళ్లను సన్నగా, నిలువుగా గీయించడంతో చూపు దానంతట అదే పైకి వెళుతుంది. ఏడడుగుల తలుపుల పైన మిగిలిన గోడను కూడా అదే చట్రంలో కలిపి కార్నిస్ దాకా తీసుకువెళ్లాం.

హాలుకు అడ్డంగా, ఒక చివర నుంచి ఆరడుగుల దూరంలో, బయటికి పొడుచుకువచ్చిన కాంక్రీటు బీమ్ ఉంది. అపార్ట్‌మెంట్లలో చాలామంది దీన్ని దాచడానికే ఫాల్స్ సీలింగ్ వేయిస్తారు. మేము పన్నెండడుగుల దగ్గర అదే కొలతతో ప్లైవుడ్ బీమ్ మరొకటి కట్టించాం. దానితో పైకప్పు మూడు సమాన భాగాలైంది. బోలుగా ఉన్న కొత్త బీమ్ లోపలి నుంచి వైరింగ్, ఏసీ పైపులు వెళ్లాయి. ఈ డిజైన్‌లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన నిర్ణయం ఇదే.

గోడకు ఆనించే చదును స్తంభాల విషయంలో మాత్రం పట్టుదలగా వ్యవహరించాను. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్, నిరాడంబరమైన డోరిక్ రకం గ్రీకు స్తంభం ఎత్తు మొదట్లో దాని మందానికి ఆరు రెట్లు, తలకట్టులో చుట్టలుండే అయోనిక్ రకం స్తంభం ఎత్తు ఎనిమిది రెట్లు ఉండేవని రాశాడు. ఆ లెక్కన 96 అంగుళాల అయోనిక్ స్తంభానికి 12 అంగుళాల వెడల్పు కావాలి. నాలుగు అంగుళాల పట్టీ అతికించి పైన చుట్టల తలకట్టు తగిలిస్తే అది స్తంభం అనిపించుకోదు. పూర్తి వెడల్పున్న స్తంభాలు హాలు గోడలన్నిటికీ బరువవుతాయి కాబట్టి, హాలుకూ చదువుకునే గదికీ మధ్యనున్న ద్వారానికి ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున మాత్రమే ఉంచాం.

ఆ ద్వారం దగ్గరే దంపతుల అభిరుచులు కలుసుకుంటాయి. చదువుకునే గదిలో నేల నుంచి పైదాకా టేకు అల్మరాలు, హాలులో వెన్నరంగు గోడలు. రంగు మారినా కార్నిస్ ఆకృతి, పట్టీ ఎత్తు, స్కర్టింగ్ రెండు గదుల్లోనూ ఒకే వరుసలో సాగుతాయి. హాలు మధ్యభాగంలో వీణ కోసం ఆరు అంగుళాల ఎత్తు వేదిక వేశాం. ఆవిడ కింద కూర్చుని వాయిస్తారు కనుక అక్కడి గోడదీపాలను మామూలు కంటే కిందికి దించాం. వీణ నాదం అణగిపోకుండా మందపాటి వెల్వెట్ పరదాలకు బదులు పలుచని నూలు పరదాలు ఎంచుకున్నాం.

పూజగది ద్వారబంధానికి గ్రీకు ఆకుల నగిషీ పెట్టమని వడ్రంగి సూచించాడు. నేను ఒప్పుకోలేదు. మన టేకు గుమ్మానికి పద్మాలూ లతలూ చెక్కే సంప్రదాయం ఉండగా అరువు తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు; చుట్టూ ఉన్న చట్రం కొలతలు మాత్రం మిగతా తలుపులతో సరిపోయేలా చూశాం.

మౌల్డింగులకు, అంటే గోడమీది ఈ అలంకార పట్టీలకు, పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ రకం వాడాం. బాత్‌రూము పక్క గోడకు తేమ తగిలితే పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) మెత్తబడి ఊడిపోతుంది, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఇల్లు ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడాలి. స్విచ్ బోర్డుల స్థానాలను ప్యానెళ్ల గీతలు ఖరారయ్యాకే గుర్తించండి. గోడకూ మౌల్డింగ్‌కూ ఒకే రంగు వేయించాం, అంచులు నీడతోనే తెలుస్తాయి. దంపతులు కోరిన బంగారు పూతకు కూడా చోటు దొరికింది: వీణ వేదిక వెనకనున్న నిలువుటద్దం చట్రానికి.