నిండిపోయింది ఏది?

నమస్కారం.

"కంప్యూటర్ బాగా నెమ్మదించింది. ఎక్కువ కోర్లున్న ప్రాసెసర్ కొనుక్కోమంటారా?" ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్, కోర్ అంటే అందులో విడిగా పని చేయగల ఒక్కో భాగం. వీళ్లు సినిమాలు ఎడిట్ చేసేవాళ్లు కారు. మెయిల్ చూసుకుంటారు, నాలుగు పేజీలు టైపు చేసుకుంటారు, బ్యాంకు పని చేసుకుంటారు, పిల్లలతో వీడియో కాల్ మాట్లాడతారు. వాళ్లకి నా జవాబు ముందే చెప్పేస్తాను. అక్కర్లేదు. చాలామందికి అక్కర్లేదు. ఎందుకో తెలియాలంటే మా బాబాయి లాప్‌టాప్ సంగతి మీకు చెప్పాలి.

బాబాయి రిటైరయ్యాక ఇంట్లోని పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి, ఒక్కోదాని కింద ఎవరు ఎవరో రాసి పెట్టుకుంటున్నారు. ఓపికైన పని. అయితే లాప్‌టాప్ ఆయన ఓపికకే పరీక్ష పెట్టింది. స్విచ్ నొక్కి, పేపర్ మొదటి పేజీ చదివేసేదాకా తెర మీద ఏదీ కదిలేది కాదు. ఫొటో తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉండేది. కొన్నాళ్ల క్రితం నాకు ఫోన్ చేశారు. "అమ్మా, ఇందులో నాలుగే కోర్లున్నాయట. ఎనిమిది కోర్లది తీసుకుంటే సరిపోతుందంటున్నారు. నువ్వేమంటావు?"

"కొనకండి బాబాయ్, నేనొచ్చి చూస్తాను" అన్నాను.

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన రోజూ చేసే పనే చేయమన్నాను. బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబ్‌లు, ఒక స్ప్రెడ్‌షీట్, ఫొటోల ఫోల్డరు. రెండు నిమిషాల్లో గుండ్రం తిరగడం మొదలైంది. లాప్‌టాప్ ఎడమవైపు నుంచి సన్నగా కరకరమని చప్పుడు. అప్పుడు కీబోర్డ్ మీద మూడు మీటలు కలిపి నొక్కాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. విండోస్‌లో ఏ భాగం ఎంత నిండిందో చూపించే టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. పై వరసలో అంకెలు చదవమన్నాను.

కళ్లద్దాలు సర్దుకుని చదివారు. "సీపీయూ 14 శాతం. మెమరీ 93 శాతం. డిస్క్ 100 శాతం."

ఒక్క క్షణం ఆగి, "అంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుందా?" అన్నారు.

అదే అసలు సంగతి. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది. నాలుగు కోర్లుండగానే పని లేక కూర్చున్న చోట, ఇంకో నాలుగు తెచ్చి పెడితే ఎనిమిదీ కలిసి కూర్చుంటాయి.

మరి నిండిపోయింది ఏది? మెమరీ నిండింది, అంటే ర్యామ్. ర్యామ్‌ని మనం పని చేసుకునే బల్ల అనుకోండి, డిస్క్‌ని గోడవార ఉన్న బీరువా అనుకోండి. బాబాయి బల్ల చిన్నది, 4 జీబీ. బల్ల మీద చోటు చాలక, కాగితాలు బీరువాలో పెట్టడం, మళ్లీ కావలసి వస్తే తీయడం, ఇంకొకటి పెట్టడం. రోజంతా ఇదే. పైగా ఆ బీరువా పాతకాలపు హార్డ్ డిస్క్. లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది, నిమిషానికి 5,400 చుట్లు. వినడానికి ఎంతో వేగం. కానీ కావలసిన చోటు, దాన్ని చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే సుమారు 5.5 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో 2 గిగాహెర్ట్జ్‌తో, అంటే సెకనుకి రెండు వందల కోట్ల టిక్కులతో నడిచే ఒక్క కోర్‌కి కోటికి పైగా టిక్కులు గడిచిపోతాయి. కోటి! ఆ కరకర చప్పుడు ఇదే. బీరువా తలుపు తీస్తూ వేస్తూ ఉన్న చప్పుడు.

ముందు ఆయన ఫొటోలన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాం. ఈ పని మాత్రం ఎప్పుడూ మానకండి. తర్వాత లాప్‌టాప్ బోర్లించి, తీసిన చిన్న చిన్న మరలు ఏది ఎక్కడిదో తెలిసేలా తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, వెనక మూత తీశాం. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాం. అదీ డిస్క్‌లాగే దాచుకునే బీరువానే, కానీ అందులో తిరిగేది ఏదీ ఉండదు. ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేశాం. ప్రాసెసర్ జోలికి పోలేదు. అదే ప్రాసెసర్, అవే నాలుగు కోర్లు. స్విచ్ నొక్కితే ఆయన పేపర్ మడత విప్పేలోపు తెర సిద్ధం. ఫొటో మీద నొక్కగానే తెరుచుకుంది. బాబాయి చెవి లాప్‌టాప్‌కి దగ్గరగా పెట్టి విన్నారు. "చప్పుడే లేదే. నడుస్తోందా ఇది?"

అసలు ఈ కోర్లు ఎందుకొచ్చాయో రెండు మాటల్లో చెబుతాను. ఒకప్పుడు ప్రాసెసర్ వేగమంటే గిగాహెర్ట్జే. చిప్‌లు తయారుచేసే ఇంటెల్ కంపెనీ పెంటియం 4 అనే ప్రాసెసర్ 2000 చివర్లో 1.4, 1.5 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలై, 2004 చివరికి 3.8 దాకా వచ్చింది. ఆ పైన వేడి భరించడం కష్టమైంది. 4 గిగాహెర్ట్జ్ చిప్ తెస్తామన్న ఇంటెల్, 2004లోనే ఆ ఆలోచన మానుకుంది. ఒక్కదాన్నే ఇంకా పరుగెత్తించలేక, మరుసటి ఏడు ఇంటెల్, దాని పోటీ కంపెనీ ఏఎండీ రెండూ ఇంటి కంప్యూటర్లకి రెండు కోర్ల చిప్‌లు తెచ్చాయి. అప్పటి నుంచి డబ్బా మీద కోర్ల సంఖ్య పెరుగుతూనే ఉంది.

ఇక్కడ ఒకటి గమనించండి. వంద కవర్ల మీద చిరునామాలు రాయాలి. నలుగురు కూర్చుంటే నాలుగోవంతు సమయంలో అయిపోతుంది. కానీ ఒక్క ఉత్తరం రాయాలి. దానికి నలుగురు కూర్చుంటే ఏం లాభం? మొదటి మాట రాశాకే కదా రెండో మాట. మనం రోజూ కంప్యూటర్‌తో చేసే పనుల్లో చాలా భాగం ఉత్తరం లాంటిదే. మీట నొక్కుతాం, అది స్పందించాలి, తర్వాత ఇంకోటి నొక్కుతాం. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లోనే ఈ సంగతి ఎత్తిచూపారు. ఒక పనిలో సగం తప్పనిసరిగా ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సి ఉంటే, ఎన్ని కోర్లు పెట్టినా మొత్తం పని రెండింతల వేగాన్ని దాటదు. ఎన్ని పెట్టినా సరే.

నాకు తెలిసిన ఒకావిడ లెక్కల పని చేస్తారు. ఎనిమిది కోర్ల కొత్త కంప్యూటర్ కొన్నారు. ఆవిడ స్ప్రెడ్‌షీట్‌లో ఒక పెద్ద మాక్రో, అంటే వరస పనుల్ని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం ఉంది, అది మాత్రం పెద్దగా వేగం పుంజుకోలేదు. టాస్క్ మేనేజర్ చూస్తే సీపీయూ 13 శాతం దగ్గర నిలబడింది. అది చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకున్నారు. నిజానికి ఎనిమిదిలో ఒక్క కోర్ పూర్తిగా నిండిపోయింది, ఏడు చూస్తూ ఉన్నాయి. నూరుని ఎనిమిదితో భాగించి చూడండి, పన్నెండున్నర. ఇలాంటప్పుడు కావలసింది ఎక్కువ కోర్లు కాదు, ఒక్కో కోర్ చురుగ్గా ఉండడం. కొనేటప్పుడు ఎన్ని కోర్లు అన్నదానికంటే ఏ తరం ప్రాసెసర్ అని అడగండి. సాధారణంగా కొత్త తరంలో ఒక్కో కోరే పాతదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

కోర్లు ఎవరికీ వద్దని నేననడం లేదు. వీడియోలు ఎడిట్ చేసి ఎగుమతి చేసేవాళ్లకి, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేసేవాళ్లకి, త్రీడీ బొమ్మలు రెండర్ చేసేవాళ్లకి ప్రతి కోరూ పనికొస్తుంది. వాళ్లవి చిరునామాలు రాసే పనులు. మనలాంటివాళ్లకి కూడా ఒక్క కోర్ చాలదు. వెనకాల యాంటీవైరస్ వెతుకుతుంటే ముందు మనం టైపు చేసుకోవాలి కదా. మంచి కోర్లు నాలుగుంటే ఇంటి పనులకి హాయిగా సరిపోతాయని నా అభిప్రాయం. వీడియో చూడడానికి కూడా కోర్లు పెంచనక్కర్లేదు. మామూలుగా ఆ పనికి గ్రాఫిక్స్‌లో విడిగా ఒక భాగమే ఉంటుంది.

అందుకని ఈరోజు మీరు చేయాల్సింది ఒక్కటే. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే, తర్వాత కాదు, సరిగ్గా ఆ సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. మ్యాక్ వాడేవాళ్లయితే యాక్టివిటీ మానిటర్ తెరవండి. నిండిపోయింది ఏదో చూడండి. మెమరీ నిండితే ర్యామ్. డిస్క్ 100 దగ్గర ఆగిపోయి, అది తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఎస్ఎస్‌డీ. సీపీయూ నిండితే, కింద జాబితాలో దాన్ని తినేస్తున్న ప్రోగ్రాం పేరు చూడండి. మనం మరచిపోయిన ట్యాబ్ ఒకటి అయి ఉండొచ్చు. మీరు చేసే అసలు పనికే అన్ని కోర్లూ నిండుతుంటే, రోజూ అలాగే నిండుతుంటే, అప్పుడు ఎక్కువ కోర్లున్నది కొనుక్కోండి.

కొనేవాళ్లకి ఇంకొక్క మాట. పలచటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. డబ్బు ఇచ్చే ముందే అడగండి, "దీంట్లో ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?" కుదరదంటే, కోర్లకి పెట్టాలనుకున్న డబ్బు మొదటిరోజే ర్యామ్‌కి పెట్టండి.

నమస్కారం.